నెత్తురు చుక్కలో రీడింగ్: ఇంటి గ్లూకోమీటర్ కచ్చితత్వంపై సింహావలోకనం

గ్లూకోమీటర్ తెర మీద 180 కనిపిస్తే మనం 180 అనే చదువుకుంటాం. డైరీలో అదే రాసుకుంటాం, ఫోన్లో డాక్టరుగారికి అదే చెబుతాం, ఇన్సులిన్ యూనిట్లు పెంచాలా వద్దా అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది. అయితే నెత్తురులో నిజంగా 180 ఉన్నప్పుడు మీటర్ 153 చూపినా, 207 చూపినా అంతర్జాతీయ ప్రమాణం దాన్ని తప్పుపట్టదు. కొత్త మీటర్, గడువు దాటని స్ట్రిప్, శుభ్రంగా కడిగిన వేలు ఉన్నప్పటి లెక్క ఇది. ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చింది, ఏసీ గదుల్లో పరీక్షలు చేసి గీసిన ఆ గీత ఉర్లా లాంటి చోట ఎంతవరకు నిలుస్తుంది అన్నది ఇంట్లో మీటర్ ఉన్న ప్రతి కుటుంబానికీ తెలియాలి. అందుకు చాలా వెనక నుంచి నడుచుకుంటూ రావాలి.

ఉర్లా రాయ్‌పూర్ నగరానికి ఉత్తరపు అంచున, బీర్‌గావ్ పక్కన ఉన్న పారిశ్రామికవాడ. రోలింగ్ మిల్లులు, ఫర్నేసులు, ఇంకాస్త ముందుకు వెళితే సిల్తరాలో స్పాంజ్ ఐరన్ ప్లాంట్లు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలుదారి, 1959లో ఉత్పత్తి మొదలుపెట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారం తెలుగువాళ్లను ఈ నేలకు తెచ్చాయి. మూడు తరాలుగా ఇక్కడే ఉండి, ఇంట్లో తెలుగు, బయట హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే కుటుంబాలు రాయ్‌పూర్, భిలాయ్ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. వేసవిలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరే ఊరిది. మీటర్ కచ్చితత్వాన్ని పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన చోటు వెతకనక్కర్లేదు.

మూత్రానికి చీమలు పట్టడాన్ని బట్టి మధుమేహాన్ని గుర్తించిన వైద్యం మనది. ఆ తీపి చక్కెరదేనని 1776లో ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ నిరూపించాడు. రోగి నెత్తుటి నీరు కూడా తియ్యగా ఉంటుందని ఆయనే గమనించాడు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు షుగర్ పరీక్ష అంటే మూత్ర పరీక్షే. 1848లో ఫెలింగ్, 1908లో స్టాన్లీ బెనెడిక్ట్ తమ ద్రావణాలను ఇచ్చారు. బెనెడిక్ట్ పరీక్ష మన పెద్దవాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయిదు మిల్లీలీటర్ల నీలం ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ మీదుగా ఇటుక రంగుకు తిరిగితే అంత ఎక్కువ ఉన్నట్టు.

ఆ పరీక్ష లోపం రంగులో లేదు, మన మూత్రపిండాల్లో ఉంది. నెత్తురులో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని మూత్రంలోకి దిగదు. 170 ఉన్నా, 100 ఉన్నా, ప్రాణం మీదికి తెచ్చే 40 ఉన్నా గొట్టంలో అదే నీలం. పైగా మూత్రం చెప్పేది కొన్ని గంటల కిందటి సంగతి. ఇన్సులిన్ 1922 నుంచి చేతికి వచ్చినా, ‘లో’ అయిందో లేదో చూసుకునే సాధనం ఇంట్లో లేకుండానే అర్ధ శతాబ్దం గడిచింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు చెమటనూ వణుకునూ నమ్ముకుని బతికారు.

నెత్తుటిలో నేరుగా కొలిచే పద్ధతులు ఆస్పత్రుల్లో అప్పటికే ఉన్నాయి. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆటో ఫోలిన్, తన దగ్గర పనిచేసిన చైనా శాస్త్రవేత్త వూతో కలిసి తెచ్చిన ఫోలిన్–వూ పద్ధతి 1920 తర్వాత ప్రపంచమంతా పాకింది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు అడుగుపెట్టింది ఆ ఫోలిన్ విభాగంలోకే. అక్కడే 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి నెత్తురులో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఆ విభాగం ప్రపంచానికి నేర్పిన పెద్ద విషయం ఒకటుంది: కొద్దిపాటి నెత్తురులో ఒక పదార్థాన్ని కొలవాలంటే, మిగతా పదార్థాలు దానిలా నటించకుండా చూసుకోవాలి. ఫోలిన్–వూ పద్ధతి కూడా ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గలేదు. నెత్తురులోని గ్లూటాథయోన్ లాంటివాటిని కూడా చక్కెరతో కలిపి లెక్కేసి, ఉన్నదానికంటే ఎక్కువ చూపేది. మనిషి మారకపోయినా పద్ధతి మారితే రీడింగ్ మారుతుందన్న ఆ పాఠం నేటి మీటర్ దాకా వెంటాడుతూనే ఉంది.

గ్లూకోజ్‌ను తప్ప మరో చక్కెరను దాదాపు పట్టించుకోని ఎంజైమ్, గ్లూకోజ్ ఆక్సిడేజ్, ఆ చిక్కును చాలావరకు తీర్చింది. దాన్ని కాగితానికి ఎక్కించి అమెరికాలోని ఏమ్స్ కంపెనీలో ఆల్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతులు 1956లో మూత్ర పరీక్ష పట్టీ తెచ్చారు. అదే కంపెనీ నుంచి 1965లో ఎర్నెస్ట్ ఆడమ్స్ రూపొందించిన డెక్స్‌ట్రోస్టిక్స్ వచ్చింది. నెత్తుటి చుక్కతో పనిచేసే తొలి పట్టీ అది. పెద్ద చుక్క వేసి, సరిగ్గా 60 సెకన్లు ఆగి, నీళ్లతో కడిగి, డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. నాలుగు సెకన్లు ఆలస్యమైనా, గదిలో వెలుతురు తక్కువైనా, కళ్లు మసకబారినా జవాబు మారిపోయేది. కంటిచూపును దెబ్బతీసే జబ్బును కంటితో కొలవమనడం ఆ పట్టీలోని అసలు బలహీనత.

కంటి బదులు వెలుతురును కొలిచే యంత్రాన్ని ఆంటన్ క్లెమెన్స్ తయారుచేశాడు. 1970లో ఏమ్స్ దాన్ని అమ్మకానికి పెట్టింది. కిలోకు పైగా బరువు, దాదాపు 500 డాలర్ల ధర, అదీ డాక్టర్లకే. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు పన్నెండో ఏట నుంచీ షుగర్. భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద ఒక మీటర్ తెప్పించుకుని, రోజుకు చాలాసార్లు తన నెత్తురు తానే చూసుకోవడం మొదలుపెట్టాడు. రోగికి ఆ పని అప్పగించకూడదని నమ్మిన వైద్యలోకం ఆయన మాట వినలేదు. తన మాట వినిపించడానికి నలభై దాటాక వైద్య కళాశాలలో చేరి డాక్టర్ అయ్యాడు. 2025లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో మొదటి హీరో ఆయనే. యంత్రం ఎవరిది, ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నను తన ఒంటి మీదే తేల్చాడు. 1978లో బ్రిటన్ వైద్యులు కూడా రోగులు ఇంట్లో నమ్మకంగా పరీక్ష చేసుకోగలరని చూపించారు. 1993లో డీసీసీటీ అధ్యయనం షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని రుజువు చేశాక, ఇంటి మీటర్ చికిత్సలో భాగమైపోయింది.

ఆ మధ్యలో 1987వ సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధనల నుంచి పుట్టిన ఎక్సాక్‌టెక్ ఆ ఏడాదే వచ్చింది. పెన్నంత మీటర్. రంగుకు బదులు, గ్లూకోజ్ నుంచి ఎంజైమ్ లాగిన ఎలక్ట్రాన్ల కరెంటును కొలుస్తుంది. ఈ రోజు మన ఇళ్లలో ఉన్న మీటర్లలో అత్యధికం దాని వారసులే. తుడవడం, కడగడం పోయాయి. చేతి పొరపాట్లలో సగం వాటితోనే పోయాయి.

వర్జీనియా విశ్వవిద్యాలయంలో విలియం క్లార్క్ బృందం ‘ఎర్రర్ గ్రిడ్’ను ప్రచురించింది కూడా 1987లోనే. మీటర్ ఎంత శాతం తప్పింది అని కాకుండా, ఆ తప్పు మీద ఆధారపడి మనిషి ఏం చేస్తాడు అని అడిగారు వాళ్లు. 300 ఉన్నవాడికి 250 చూపితే చికిత్స పెద్దగా మారదు. 55 ఉన్నవాడికి 190 చూపితే అతను ఇంకాస్త ఇన్సులిన్ ఎక్కించుకుంటాడు, స్పృహ తప్పుతాడు. ఆ గళ్ల పటంలో ఏ, బీ అన్న భాగాలు పరవాలేదు. సీ, డీ, ఈ వరసగా ప్రమాదం పెరిగే భాగాలు. కచ్చితత్వాన్ని మనిషి వైపు నుంచి చూసిన ఆలోచన ఇదే. తర్వాతి కాలపు ప్రమాణాలు దీన్ని ఏదో రూపంలో తమలో కలుపుకున్నాయి.

ఆ రోజుల్లోనే అమెరికా డయాబెటిస్ నిపుణులు భవిష్యత్తులో మీటర్ల మొత్తం తేడా 10 శాతం దాటకూడదన్నారు. 1990లలో ఆ లక్ష్యాన్ని 5 శాతానికి బిగించారు. దాన్ని అందుకున్న మీటర్లు అరుదు. 2003లో తొలి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 15197 వచ్చేసరికి హద్దు 75, ఆపైన 20 శాతంగా, 75 లోపు 15 మిల్లీగ్రాములుగా నిలిచింది. వందకు 95 రీడింగులు ఆ లోపల ఉంటే చాలు. వైద్యులు అడిగినది ఒకటి, యంత్రాలు ఇవ్వగలిగినది మరొకటి. ప్రమాణం రెండోదాని దగ్గర ఆగిందని నా అభిప్రాయం. 2013లో దాన్ని సవరించి 100, ఆపైన 15 శాతానికి, 100 లోపు 15 మిల్లీగ్రాములకు దించారు. వందకు 99 రీడింగులు అలాంటి గ్రిడ్‌లోని మంచి భాగాల్లో పడాలన్న షరతు కూడా చేర్చారు. మొదట్లో చెప్పిన 153, 207 వచ్చింది ఇక్కడి నుంచే. అదే లెక్కన 70 ఉన్నవాడికి మీటర్ 55 నుంచి 85 వరకు ఏది చూపినా ప్రమాణంలో ఉన్నట్టే. ‘లో’ హద్దు దగ్గర ఈ వెడల్పు చిన్నది కాదు.

శాతాల లెక్కకు అందని ప్రమాదం మరొకటి ఆ కాలంలోనే బయటపడింది. జీడీహెచ్–పీక్యూక్యూ అనే ఎంజైముతో చేసిన స్ట్రిప్పులు మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్‌గానే లెక్కేసేవి. కిడ్నీలు చెడి, కడుపు ద్వారా డయాలసిస్ చేయించుకునేవారిలో కొందరికి వాడే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణం ఒంట్లో మాల్టోజ్‌గా మారుతుంది. మీటర్ ఎక్కువ చూపింది, ఇన్సులిన్ ఇచ్చారు, రోగి అసలు షుగర్ పాతాళానికి పడిపోయింది. 1997 నుంచి 2009 వరకు 13 మరణాలు ఇలా తమ దృష్టికి వచ్చాయని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నిపుణుల చేతిలో, ఆస్పత్రి పడక పక్కన జరిగిన మరణాలు కూడా అందులో ఉన్నాయి. ఫోలిన్ కాలంనాటి ఇబ్బందే, ఒక పదార్థం మరొకదానిలా నటించడం, తొంభై ఏళ్ల తర్వాత ప్రాణాలు తీసింది.

అనుమతి వచ్చాక మార్కెట్లోకి వెళ్లిన మీటర్లు అదే కచ్చితత్వంతో ఉంటున్నాయా? డయాబెటిస్ టెక్నాలజీ సొసైటీ అమెరికా మార్కెట్లో బాగా అమ్ముడుపోతున్న 18 మీటర్లను దుకాణాల్లోనే కొని, ఏది ఏ కంపెనీదో తెలియకుండా మూడు విడతల్లో పరీక్షించింది. 2018లో ఫలితాలు ప్రచురించారు. నెగ్గినవి 6. పేర్లతో సహా బయటపెట్టడం ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మన దేశానికి వస్తే, మీటర్ ఇక్కడ ఇంటి పరికరంగానే మిగల్లేదు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో తేల్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ఊరూరా తిరిగి కొలిచింది వేలి కొన నెత్తుటితో, మీటర్‌తోనే. అంతకుముందు గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన సర్వేలో ముప్పై దాటినవారిలో సుమారు 13 శాతం మందికి షుగర్ ఉందని 2006లో ప్రచురించినప్పుడు, పల్లెటూళ్లకు ఈ జబ్బు రాదన్న నమ్మకం కూలిపోయింది. ఈ రోజు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో ముప్పై దాటినవారికి తొలి పరీక్ష కూడా వేలి చుక్కే. స్ట్రిప్ ధర భరించలేకే మన దగ్గర చాలామంది పరీక్షలు మానేస్తారు. అందుకే ఐసీఎంఆర్ సాయంతో హైదరాబాదులోని బిట్స్ పిలానీ ప్రాంగణంలోనూ, బొంబాయి ఐఐటీలోనూ చవక స్ట్రిప్పుల మీద జరిగిన పని 2014లో బయటికొచ్చినప్పుడు ఎంతో ఆశ కలిగింది. 2021 జులైలో కేంద్రం గ్లూకోమీటర్ల మీద వ్యాపార లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసింది. 2017 వైద్య పరికరాల నిబంధనల తర్వాత గ్లూకోమీటర్ ఔషధ చట్టం కిందికి వచ్చింది. ధర మీద ప్రభుత్వం దృష్టి పడింది. ఆ 18 మీటర్లకు జరిగినట్టు, దుకాణంలో కొన్న మీటర్లను పరీక్షించి పేర్లతో ఫలితాలు ప్రజల ముందు పెట్టే పని కూడా ఇక్కడ జరగాలి.

ఇక ఉర్లా ఎండలోకి వద్దాం. చాలా స్ట్రిప్పుల డబ్బాల మీద 30 డిగ్రీలలోపు దాచమని, మీటర్‌ను 10 నుంచి 40 డిగ్రీల మధ్యే వాడమని ఉంటుంది. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఆ రెండు హద్దులూ దాటిపోతాయి. స్ట్రిప్ మీద ఉన్నది ఎంజైమ్, అంటే ప్రొటీన్. వేడికి, తేమకు అది నెమ్మదిగా చచ్చిపోతుంది. స్ట్రిప్ చూడ్డానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టడం పరిష్కారం కాదు, బయటికి తీయగానే తేమ పడుతుంది. డబ్బా మూత లోపల తేమ పీల్చే పదార్థం ఉంటుంది కాబట్టి స్ట్రిప్పులను వేరే డబ్బాలోకి మార్చకూడదు, మూత వెంటనే బిగించాలి. స్కూటర్ డిక్కీలో, ఫర్నేసు షెడ్డులోని లాకర్లో అసలు ఉంచకూడదు.

వేడి కంటే లోతైన సమస్య నెత్తురులోనే ఉంది. ఎర్ర కణాల వాటా, అంటే హెమటోక్రిట్, తగ్గితే స్ట్రిప్ మీది ఎంజైముకు ప్లాస్మా ఎక్కువ అందుతుంది, రీడింగ్ ఉన్నదానికంటే పెరుగుతుంది. దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి నెత్తురు తక్కువని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఛత్తీస్‌గఢ్ దానికి మినహాయింపు కాదు. నెత్తురు బాగా తక్కువై ఇన్సులిన్ మీద ఉన్న ఆడమనిషికి అసలు 65 ఉన్నప్పుడు మీటర్ 80 చూపవచ్చు. ‘లో’ అయినట్టు ఎవరికీ తెలియదు. ఫర్నేసు ముందు షిఫ్టంతా చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిన కార్మికుడిలో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. నెత్తురు చిక్కబడి రీడింగ్ తక్కువ వస్తుంది. ఆక్సిజన్ మీద ఉన్న రోగికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ స్ట్రిప్ కూడా తక్కువే చూపుతుంది.

ఇలాంటప్పుడు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా అనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ సికిల్ సెల్ జన్యువు బాగా వ్యాపించిన నేల. ఆ జబ్బు కోసమే రాయ్‌పూర్‌లో ప్రత్యేక సంస్థ నడుస్తోంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్లలో ఎర్ర కణాల ఆయుష్షు తక్కువ. చక్కెర అంటుకునేంత కాలం అవి బతకవు, కాబట్టి హెచ్‌బీఏ1సీ ఉండాల్సినదానికంటే తక్కువ వస్తుంది. ఆ జన్యువు ఒకటే ఉన్నవాళ్లలో కూడా కొన్ని యంత్రాలు పొరబడతాయి. ఏ ఇంట్లో మూడు నెలల పరీక్ష నమ్మదగింది కాదో, ఆ ఇంట్లోనే నెత్తురు తక్కువై మీటర్ కూడా తప్పే అవకాశం ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసే చోటుకు సరిపోయే హద్దును ఏ ప్రమాణమూ విడిగా గీయలేదు. కొన్న మీటర్ కాగితంలో అది ఏ హెమటోక్రిట్ పరిధిలో పనిచేస్తుందో రాసి ఉంటుంది. పాతవి 30–55 శాతం మధ్యే నమ్మదగినవి. కొత్తవాటిలో కొన్ని 20 దాకా తట్టుకుంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో మీటర్ కొనేవాళ్లు ధర కంటే ముందు చూడాల్సింది ఈ ఒక్క వరస.

చేతుల సంగతీ చిన్నది కాదు. పండు తొక్క తీసిన వేలి నుంచి తీసిన చుక్క షుగర్‌ను విపరీతంగా పెంచి చూపుతుందని, స్పిరిట్ దూదితో తుడిచినా ఆ తప్పు పోలేదని, కుళాయి నీళ్లతో కడిగితేనే పోయిందని జపాన్ వైద్యులు 2011లో చూపారు. మిల్లులో పనిచేసి కాయలు కాచిన వేళ్ల నుంచి నెత్తురు సులభంగా రాదు. గట్టిగా నొక్కితే చర్మం కింది నీరు కలిసి రీడింగ్ మారుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చెయ్యి కిందికి వేలాడదీసి, వేలి కొన పక్క భాగంలో పొడిస్తే నొక్కే పని తగ్గుతుంది.

చర్మం కింద సెన్సర్‌తో నిరంతరం కొలిచే పరికరాలు 1999 నుంచి ఉన్నాయి. 2014లో వేలు పొడిచి సరిచూడనక్కర్లేని రకం ఐరోపాలో వచ్చింది. వాటి ఖర్చు ఉర్లా కార్మికుడి జీతానికి ఇంకా దూరమే. సూది లేకుండా షుగర్ చెబుతామనే గడియారాలు, ఉంగరాల సంగతి వేరు. వాటిలో దేనికీ తాను అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తేల్చి చెప్పింది. ఆన్‌లైన్‌లో అవి కనిపిస్తే కొనవద్దు.

మీటర్ నిజం చెబుతోందా అన్న అనుమానం వచ్చినప్పుడు మనం ల్యాబ్‌కు వెళతాం. అక్కడా జాగ్రత్త కావాలి. నెత్తురు తీశాక గొట్టంలోని కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, వేడిలో ఇంకా ఎక్కువ. ఉర్లాలో సేకరించిన నమూనా రాయ్‌పూర్ ల్యాబ్‌కు మూడు గంటల తర్వాత చేరితే, తప్పు మీటర్‌ది కాకపోవచ్చు. తిన్న తర్వాత వేలి నెత్తురులో చక్కెర నరం నెత్తురులో కంటే సహజంగానే ఎక్కువ ఉంటుంది, కాబట్టి పోలిక పరగడుపునే చేయాలి. సొంత మీటర్, స్ట్రిప్పుల డబ్బా వెంట తీసుకెళ్లి, నరం నుంచి నెత్తురు తీసిన అయిదు నిమిషాల్లో వేలు పొడుచుకోవాలి. నమూనా బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో వేస్తున్నారో లేదో చూసి, ఎంతసేపట్లో కణాలను వేరుచేస్తారో అడగాలి. అదే సమయంలో హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ కూడా చేయించుకోవాలి. తేడా 15 శాతంలోపు ఉంటే మీటర్‌ను అలాగే వాడుకోవచ్చు. హెమటోక్రిట్ మీటర్ కాగితంలో రాసిన పరిధి కంటే తక్కువ వస్తే, ఆ కాగితాన్నీ రిపోర్టునూ కలిపి డాక్టరుకు చూపించి, నెత్తురు పెరిగేదాకా ‘లో’ హద్దును ఎక్కడ పెట్టుకోవాలో అడిగి రాయించుకోవాలి.